తియన్ సూమెయ్ విన్న ఇంగ్లీషు

యుంషీ రెండో నంబరు హైస్కూల్లో ఏ గంట మోగాలన్నా, పొద్దున్నే కసరత్తుల పాట వినిపించాలన్నా, ప్రిన్సిపాలుగారి గొంతు స్పీకర్లలోంచి రావాలన్నా అది తియన్ సూమెయ్ చేతుల మీదుగానే జరగాలి. మూడో అంతస్తులో మెట్ల పక్కనే ఆమె గది. అందులో ఒక ఆంప్లిఫయరు, ఆమె ఎవరినీ పారెయ్యనివ్వని రెండు పాత టేపురికార్డర్లు, ఒక సీడీ ప్లేయరు, ఒక కంప్యూటరు. కిటికీకి ఎండుమిరపకాయల దండ వేలాడుతుండేది. అదెందుకని అడిగినవాళ్ళతో, "మన క్యాంటీన్ వంటాయన్ని కారం వెయ్యమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తాడు. నా నూడుల్స్‌లోకి నేనే నలుపుకుంటాను" అనేది.

నలభయ్యారేళ్ళ మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. నడుస్తుంటే నడుముకి కట్టిన తాళాలగుత్తి చప్పుడు ఆమెకంటే ముందు వచ్చేది. పిల్లలందరికీ ఆవిడ తియన్ పిన్ని.

సూమెయ్ చదువుకున్నదీ ఆ బడిలోనే. కాలేజీ ప్రవేశపరీక్షలో మిగతా పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కించినా ఇంగ్లీషు నిలువునా ముంచింది. మరుసటేడు మళ్ళీ రాసింది. మళ్ళీ అదే మునక. ఆ అక్షరాలను చూస్తే ఆమెకి చీమలు బారులు తీరి, తనని పలకరించకుండా ఎటో వెళ్ళిపోతున్నట్టు ఉండేది. మూడోసారి రాసే ఓపిక లేకపోయింది. అదే ఏడు బడిలో గంటలు కొట్టే ముసలాయన ఉద్యోగం మానేస్తే ఆ పనిలో చేరింది. తాత్కాలికమనే చేరింది. చూస్తుండగా పాతికేళ్ళు దాటిపోయాయి.

ఆమె చేరిన కొన్నేళ్ళకి ప్రవేశపరీక్షలో కొత్త ముచ్చట ఒకటి మొదలైంది. ఇంగ్లీషు పేపరులో మొదటి ఇరవై ప్రశ్నలూ చెవితో విని రాయాలి. ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటారు. వాళ్ళెక్కడున్నారు, బస్సు ఎన్నింటికి, ఆవిడ ఎందుకు చిరాకుపడింది అని అడుగుతారు. దానికోసం నెలనెలా నమూనా పరీక్షలు, వారంవారం అభ్యాసాలు. ఇరవై నాలుగు తరగతి గదుల్లో స్పీకర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడటం సూమెయ్ పని. అందుకని ఒక్కో టేపూ పిల్లలు ఒకటి రెండుసార్లు వింటే, ఆమె అయిదారుసార్లు వినేది.

మొదట్లో అదంతా ఆమెకి వానచప్పుడు. కొన్నాళ్ళకి గొంతులు గుర్తుపట్టసాగింది. ఒక పెద్దాయన, ఒకావిడ. టేపు మారినా గొంతులు వాళ్ళవే అనిపించేది. ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి పోగొట్టుకుంటాడు. ఆవిడ ఎక్కడికి బయల్దేరినా ఆలస్యమే. ఇద్దరికీ మర్యాద మాత్రం మహా ఎక్కువ. ఈ సంగతులు ఆమెకెలా తెలిశాయంటే, మెట్ల పుణ్యాన. పరీక్ష అవగానే పిల్లలు జవాబుల మీద కొట్లాడుకుంటూ ఆమె గది ముందునుంచే దిగేవారు. "బస్సు పదింబావుకి." "నీ మొహం, పదింబావుకి వెళ్ళిపోయింది, తరవాతిది పదిన్నరకి." ఆ తగువు విన్నాక సూమెయ్ గదిలోకెళ్ళి, టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వినేది. ఓహో, పదిన్నర అంటే ఈ చప్పుడన్నమాట. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ అడగలేదు. ఊసుపోక చేసిన పని. వానచప్పుడులోంచి ఒక్కొక్క మాటే తలెత్తి, తన పేరు చెప్పుకుని కూర్చునేది.

ఆమె భర్త పెంగ్ దెషూ బజారులో కరెంటు స్కూటర్లు బాగుచేస్తాడు. భోజనాల దగ్గర ఆయనకి ఈ కబుర్లే.

"ఇవాళ మళ్ళీ ఆవిడకి సినిమా టికెట్టు దొరకలేదు" అనేది సూమెయ్, టోఫూ ముక్క ఆయన గిన్నెలో వేస్తూ.

"ముందురోజే కొనుక్కోవచ్చుగా. ఎన్నేళ్ళొచ్చినా బుద్ధి రాదా?"

"కొందామనే వెళ్ళింది. పెద్దాయన సైకిలు తాళంచెవి పోగొట్టాడు."

"ఆ మనిషికి ఇల్లెలా అప్పజెప్పారో" అని దెషూ నిజంగానే బాధపడేవాడు.

తనకి ఇంగ్లీషు వచ్చని సూమెయ్‌కి ఎన్నడూ తోచలేదు. ఇంగ్లీషంటే ఆమె దృష్టిలో కాగితం మీద చీమలే. ఇది వేరు, ఇది తెలిసినవాళ్ళ మాటలు.

ఆమెకి నలభయ్యారో ఏడు నడుస్తుండగా గూ యావో అనే కొత్త ఇంగ్లీషు టీచరు వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. చివరి సంవత్సరం మూడో సెక్షను అప్పగించారు. పిల్లలు తెలివైనవాళ్ళే, చదివి జవాబు రాసే ఇరవై ప్రశ్నల్లో పదహారు, పదిహేడు సరిగ్గా రాసేవారు. విని రాసే ఇరవైలో మాత్రం తొమ్మిది దాటేవారు కారు. గూ యావో తిట్టింది, బతిమాలింది, ఒకే టేపు పదిసార్లు వినిపించింది. తొమ్మిది తొమ్మిదిగానే ఉండిపోయింది.

అక్టోబరులో ఒకరోజు ఆమె కొత్త ఆడియో ఇవ్వడానికి మూడో అంతస్తుకి వచ్చింది. గదిలో సూమెయ్ ఒక్కతే కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"ఏమిటక్కా, అంత నవ్వొచ్చే పాటా?" అని అడిగింది గూ యావో.

"పాట కాదు టీచరమ్మా, మీ పరీక్షే. పెద్దాయన బస్సులో గొడుగు మర్చిపోయి, పోయిన సామాన్ల ఆఫీసుకెళ్ళాడు. అక్కడమ్మాయి గొడుగొకటి తీసి, ఇదేనా అంది. ఆయన చూసి, ఇది కాదు, ఇది నేను పోయిన నెల పోగొట్టుకున్నది, పనిలో పని అదీ ఇచ్చెయ్యి అన్నాడు."

ఆ సంభాషణ గూ యావో అంతకుముందు వారమే తన తరగతికి పెట్టింది. యాభైమందిలో ఒక్కరికీ నవ్వు రాలేదు. ముప్ఫయ్యిద్దరు, ఆయన గొడుగు కొనడానికి వెళ్ళాడని రాశారు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఇంకెక్కడా వాడని ఆడియో ఒకటి తెచ్చి సూమెయ్‌ని కూర్చోబెట్టింది. ప్రశ్నలు తనే చైనీసులో చదివి చెప్పింది, ఆమె చెప్పిన జవాబులు తనే కాగితం మీద రాసుకుంది. ఇరవైకి పంతొమ్మిది. గూ యావో రెండుసార్లు లెక్కపెట్టింది. తరవాత చదివే భాగం ముందు పెట్టింది. సూమెయ్ కాగితం వంక చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూసి, పావుగంట కుస్తీ పట్టింది. ఇరవైకి నాలుగు.

"ఆ నాలుగూ కళ్ళు మూసుకుని పెట్టినవే" అని నిజం చెప్పేసింది సూమెయ్.

గూ యావో ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "అక్కా, నా పిల్లలకి కళ్ళున్నాయి, చెవుల్లేవు. నీకు చెవులున్నాయి, కళ్ళు లేవు. రేపు మధ్యాహ్నం నా తరగతికి రా."

"నేనా? ఇంగ్లీషు పాఠమా? నా పాత మార్కులు ఈ బడి రికార్డుల్లో ఇంకా ఉండే ఉంటాయి, ఒకసారి చూసొచ్చి అప్పుడు పిలువు."

"చూసే పిలుస్తున్నా" అంది గూ యావో. నిజానికి చూడలేదు.

మర్నాడు సూమెయ్ ఉతికిన కోటు తొడుక్కుని వెళ్ళింది. తలుపు దగ్గరే కాళ్ళు వెనక్కి లాగాయి. వెనక బెంచీలో క్వాంగ్ లె అనే అల్లరివాడు, "పిన్నీ, ఇవాళ గంట చేత్తో కొడతావా?" అన్నాడు. తరగతంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆమెకి ధైర్యం వచ్చింది. నవ్వేవాళ్ళతో ఆమెకెప్పుడూ పేచీ లేదు.

"నీ నెత్తి మీద కొడతాను, దగ్గరికి రా. ముందు కలాలు కింద పెట్టండి అందరూ. ప్రశ్నలు చూడొద్దు. ఊరికే వినండి."

ఆడియో పెట్టింది. ఒక మగగొంతు, ఒక ఆడగొంతు. అయిపోయింది.

"వీళ్ళిద్దరూ ఏమవుతారు?"

ముందు బెంచీలో పిల్లాడొకడు, "మూడో మాట అందలేదు పిన్నీ, అక్కడే ఆగిపోయాను" అన్నాడు.

"పోతే పోనీ. మీ అమ్మ ఫోనులో మాట్లాడుతుంటే పక్కగదిలోంచి అన్ని మాటలూ అందుతాయా? అయినా అవతల ఎవరో నీకు తెలియదూ? ఆ చెవితో విను. మొగుడూ పెళ్ళామా, కొట్టువాడూ బేరగత్తా?"

మళ్ళీ పెట్టింది. ఈసారి క్వాంగ్ లె చెయ్యెత్తాడు. "మొగుడూ పెళ్ళాం."

"ఎలా తెలిసింది?"

"ఆయన క్షమించు క్షమించు అంటున్నాడు గానీ గొంతులో అదేం లేదు. మా నాన్నా అంతే."

ఆ నవ్వు సద్దుమణగడానికి కాసేపు పట్టింది. ఆ తరవాత ఆయన దేనికి క్షమాపణ చెబుతున్నాడో వాళ్ళే పట్టుకున్నారు. కేకు మాడ్చాడు. యాభైమంది ఏకగ్రీవంగా కేకన్నారు. బల్ల దగ్గర నిలబడ్డ గూ యావో ముఖం పక్కకి తిప్పుకుంది.

అలా వారానికి మూడు మధ్యాహ్నాలు. పిల్లలు ఊరికే నేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. పిన్ని నేర్పితే పిన్నికి మేం చదవడం నేర్పుతామన్నారు. ఆ బాధ్యత రాన్ పెయ్ అనే అమ్మాయి మీద పడింది. చదివే భాగంలో ఇరవైకి ఇరవై తెచ్చుకునే పిల్ల, విని రాసేదానిలో ఆరు. గొంతు ఎంత చిన్నదంటే, హాజరు పిలిచేటప్పుడు పక్కమ్మాయి ఆమె తరఫున పలికేది. ఇంగ్లీషు మాటలన్నీ పుస్తకం ముందేసుకుని, పెదవి కదపకుండా మూడేళ్ళలో నాలుగు వేలు బట్టీపట్టింది.

గంటల గదిలోనే వాళ్ళ చదువు. మొదటివారంలో ఒకరోజు రాన్ పెయ్ ఒక మాట మీద వేలు పెట్టి, "ఇస్‌లాండ్" అని గొణిగింది.

"అలాంటి మాట నేనెన్నడూ వినలేదే" అంది సూమెయ్. "దేని గురించి ఉందక్కడ?"

"సముద్రం మధ్యలో నేల ఉంటుంది చూడు పిన్నీ. పడవలో వెళ్తారు."

"ఐలండా?"

రాన్ పెయ్ తలెత్తింది. "ఏమన్నావు?"

"ఐలండ్. పెద్దాయన పోయిన వేసవిలో వెళ్ళింది అక్కడికేగా. పడవ తప్పిపోయింది పాపం."

స్పీకరులోంచి ఆ చప్పుడు రాన్ పెయ్ ఎన్నిసార్లు వినలేదు? విన్న ప్రతిసారీ అదేదో తెలియని మాట అనుకుని, అక్కడే తచ్చాడి, తరవాతి నాలుగు వాక్యాలూ వదిలేసుకునేది. తీరా అది తనకి మూడేళ్ళుగా తెలిసిన మాటే. సూమెయ్ మాత్రం కాగితం దగ్గరగా తెచ్చుకుని, పెదవులు కదుపుతూ ఆ అక్షరాల వంకే చూస్తోంది.

"మధ్యలో ఈ అక్షరం ఎందుకు మరి? పలకదు, పాడదు."

"అది ఊరికే ఉంటుంది పిన్నీ."

"మన వైస్ ప్రిన్సిపాలులాగానా?"

రాన్ పెయ్ పకపకా నవ్వింది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని మెట్ల మీద పోయేవాళ్ళకి ఆరోజే తెలిసింది. ఆ తరవాత ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. ప్రతి వాక్యం సూమెయ్ చెవికి అందేదాకా రాన్ పెయ్ పైకి చదవాలి; రాన్ పెయ్ గొంతు సరిపోకపోతే సూమెయ్ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "వానొస్తోందా, వినబడటం లేదు" అనేది. తరగతిలో మిగతావాళ్ళూ జంటలు జంటలుగా పైకి చదవడం పట్టుకున్నారు. మధ్యాహ్నాలు ఆ గది తేనెపట్టులా హోరెత్తేది. శీతాకాలం నడిమికి వచ్చేసరికి సూమెయ్‌కి చీమలు ఆగి పలకరించసాగాయి. ఒక పేరా చదవడానికి ఇరవై నిమిషాలు పట్టేది, అయినా చదివేది.

మార్చిలో జిల్లాలోని బడులన్నిటికీ కలిపి ఉమ్మడి నమూనా పరీక్ష జరిగింది. ఫలితాలొచ్చాయి. మూడో సెక్షను విని రాసే భాగంలో సగటున పదహారు తెచ్చుకుంది. బడిలో ఇంకే సెక్షనూ పదకొండు దాటలేదు.

గూ యావో ఆనందం సగం రోజు నిలిచింది. మధ్యాహ్నానికల్లా పుకారు లేచింది. ఆడియో సీడీ ముందురోజే ఎవరి చేతికొచ్చింది? స్పీకర్లు సరిచూసుకోవడానికి తియన్ సూమెయ్ చేతికి. ఆ సెక్షనులో పాఠాలు చెబుతున్నదెవరు? తియన్ సూమెయ్. ఎవరో తల్లిదండ్రులు ఆఫీసుకి ఫోను చేశారు. వైస్ ప్రిన్సిపాలు దెంగ్ నిదానస్తుడు, అవకతవక అంటే గిట్టని మనిషి. మూడో అంతస్తు మెట్లు ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

"ఏమ్మా సూమెయ్, నీమీద నాకేం అనుమానం లేదు. కానీ నిజం తేలేదాకా ఆ గది తాళంచెవి నా దగ్గర ఉంటే మంచిది. నీకే మంచిది."

సూమెయ్ గుత్తిలోంచి తాళంచెవి తీసింది. "మరి గంటలెవరు కొడతారు సార్?"

"గంటలదేముంది, నేను చూసుకుంటా."

పాతికేళ్ళలో మొదటిసారి ఆమె మిట్టమధ్యాహ్నం బడి గేటు దాటి బయటికి నడిచింది. దెషూ కొట్టు ముందు స్టూలు మీద కూలబడి జరిగింది చెప్పింది. దెషూ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"నువ్వు సీడీ విన్నావా, లేదా?"

"విన్నాను. వినడమే నా పని. ఒక్క మాట బయట చెప్పి ఉంటే నా నాలుక పడిపోనీ. పిల్లలకి నా నోటితో జవాబులు చెబితే ఇన్నాళ్ళు వాళ్ళతో పడ్డ పాటంతా ఎందుకు?"

"మరైతే ఏడుపెందుకు? చేసినవాడు ఏడవాలి గానీ." తన టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. "వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టమను. నీకూ పెట్టమను."

ఆ మాటే అక్కడ బడిలో గూ యావో కూడా అంటోంది. ఆమె వెనక మూడో సెక్షను పిల్లలంతా వైస్ ప్రిన్సిపాలు గది ముందు చేరారు. మాట్లాడింది క్వాంగ్ లె కాదు, రాన్ పెయ్. ఆమె గొంతు వరండా చివరిదాకా వినిపించింది.

"సార్, మా ఎవరికీ తెలియని ఆడియో తెప్పించండి. మీ చేత్తోనే పెట్టండి. పిన్నిని కూడా మాతో కూర్చోబెట్టండి."

దెంగ్‌కి ఆ పద్ధతి నచ్చింది. వేరే రాష్ట్రంలో పనిచేస్తున్న పాత సహాధ్యాయికి చెప్పి, ఎవరూ చూడని పరీక్ష ఒకటి తెప్పించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ నాలుగు రోజులూ గంటలు ఆయనే కొట్టాడు. మొదటి రోజు మధ్యాహ్నం భోజనం గంట పదకొండింటికే మోగి, క్యాంటీన్ ముందు వెయ్యిమంది గిన్నెలతో నిలబడ్డారు. మూడోరోజు పొద్దున కసరత్తుల పాటకి బదులు ఎవరిదో పెళ్ళిపాట వచ్చింది. పిల్లలు దానికే కసరత్తులు చేశారు.

శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష. సూమెయ్ మూడో సెక్షను గదిలో నాలుగో వరసలో కూర్చుంది. బెంచీకీ బల్లకీ మధ్య ఇరుకై, ఊపిరి బిగబట్టి కూర్చోవలసి వచ్చింది. ఇన్నేళ్ళూ గోడకి అవతల ఉండి వినిపించిన పరీక్ష, ఇవాళ మొదటిసారి ఇవతల కూర్చుని వినబోతోంది. పక్క వరసలోంచి రాన్ పెయ్ రెండు పెన్సిళ్ళు చెక్కి ఆమె బల్ల మీద పెట్టింది.

మూడున్నరయింది. స్పీకరు గరగరమంది. తరవాత ఇంగ్లీషుకి బదులు దెంగ్ గొంతు వచ్చింది.

"ఈ ఎర్రదా, పచ్చదా? ఎర్రది నొక్కితే ఆగిపోతోందే. ఇదేం దెయ్యం మీటరా నాయనా."

మైకు మీట వేసి ఉందని ఆయనకి తెలియదు. ఇరవై నాలుగు గదుల్లోనూ, ఆటస్థలంలోనూ, గేటు దగ్గర వాచ్‌మన్ గదిలోనూ ఆయన గొంతు మారుమోగుతోంది.

"సూమెయ్ దీనితో ఎలా వేగుతోందో. ఆమెకి చెయ్యి చాచితే చాలు. నా బుర్ర... ఎవరక్కడ, టీ పెట్టండి."

తరగతిలో నవ్వు ఆపుకోలేక కొందరు బల్లల మీద తలలు వాల్చేశారు. సూమెయ్ లేవబోయింది. గూ యావో భుజం పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు పరీక్ష రాస్తున్నావక్కా. లేస్తే కాపీ కింద లెక్క." చివరికి సూమెయ్ అడ్డగీతల కాగితం మీద మీటల బొమ్మ గీసి ఇస్తే, గూ యావో పరుగున తీసుకెళ్ళింది. అయిదు నిమిషాలకి స్పీకరులోంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా, మర్యాదగా మొదలెట్టింది.

సూమెయ్ భుజాలు కిందికి దిగాయి. అది తెలిసిన గొంతు కాదు, కొత్త మనుషులు, కొత్త ఊరు. అయినా రెండో వాక్యానికే అర్థమైంది, ఈవిడ అద్దెకి ఇల్లు చూస్తోంది, ఆయనకి ఇవ్వడం ఇష్టం లేదు. ఆ తరవాత ఆమెకి పరీక్ష గుర్తులేదు. ఇంట్లోకి వెళ్ళింది, వంటగది చూసింది, మేడ మీద పిల్లి ఉందని విన్నది. కాగితం మీద ప్రశ్నలు చదవడం కష్టమైంది గానీ, పెదవులు కదుపుతూ అన్నీ చదివింది. చదివే భాగంలో మూడు పేరాలు పూర్తిచేసింది. నాలుగోది సగంలో ఉండగా సమయం అయిపోయింది.

దెంగ్ స్వయంగా, ముగ్గురు ఇంగ్లీషు టీచర్లని పక్కన పెట్టుకుని దిద్దించాడు. తరగతి సగటు పదహారున్నర. క్వాంగ్ లె పద్దెనిమిది. రాన్ పెయ్ పద్దెనిమిది. తియన్ సూమెయ్, విన్నదానిలో ఇరవైకి ఇరవై; చదివినదానిలో ఇరవైకి పదకొండు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా మెట్ల మీద ఉండగానే ఆయన తాళంచెవి తీసుకుని దెషూ కొట్టుకి నడిచి వచ్చాడు. కాసేపు స్కూటర్ల గురించి మాట్లాడాడు. బ్యాటరీలు ఎన్నాళ్ళొస్తాయని అడిగాడు. ఆ తరవాత గొంతు సవరించుకున్నాడు.

"సూమెయ్, తప్పు నాది. అడగాల్సినది ముందు అడిగి, తీసుకోవాల్సినది తరవాత తీసుకోవాలి. తలకిందులు చేశాను."

"మీ పని మీరు చేశారు సార్."

"చేసిన పని బడంతా విన్నదటగా" అన్నాడాయన ముఖం ఎర్రబడి.

"ఎర్రది ఆపడానికి సార్. పచ్చది మైకుకి" అంది సూమెయ్. దెషూ స్కూటరు చక్రం వెనక్కి వంగి, అక్కడే చాలాసేపు ఏదో వెతికాడు.

తరవాతి సోమవారం నుంచి మిగతా సెక్షన్ల పిల్లలు కూడా మధ్యాహ్నాలు రావడం మొదలెట్టారు. గది చాలక మెట్ల మీద కూర్చునేవారు. ఒక మూల రెండో సెక్షను వాళ్ళు, ఇంకో మూల అయిదో సెక్షను వాళ్ళు, మధ్యలో సూమెయ్. ఎవరూ ఆమెకి ప్రత్యేకంగా జీతం కలపలేదు, ఆమె అడగనూ లేదు. దెంగ్ మాత్రం పైకి వచ్చినప్పుడల్లా క్యాంటీన్ నుంచి ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు పంపించేవాడు.

జూన్ ఎనిమిది మధ్యాహ్నం మూడింటికి అసలు పరీక్ష. ఆ ఇరవై నిమిషాలూ ఊరికి ఊరు నోరు కట్టేసుకుంటుంది. బడి ముందు రోడ్డు మూసేశారు. ఎదుటి సందులో మేస్త్రీలు తాపీలు పక్కన పెట్టి నీడన కూర్చున్నారు. వంతెన అవతలి బస్సులు హారను కొట్టకుండా నడిచాయి. సూమెయ్ ఇద్దరు ఇన్విజిలేటర్ల సమక్షంలో సీలు విప్పి, సీడీ పెట్టి, గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా చూసి, మీట నొక్కింది. కింద, వేరే బడుల నుంచి వచ్చినవాళ్ళతో కలిపి, పదకొండు వందల తలలు ఒక్కసారిగా వంగాయి. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్కచోట ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. సరిగ్గా అప్పుడే కింది అంతస్తులోంచి సన్నని నవ్వు ఒకటి లేచి, వెంటనే ఆగిపోయింది. ఎవరి నవ్వో ఆమెకి తెలియలేదు. ఎవరిదైనా సరే, వాడికి ఆ ప్రశ్న వచ్చినట్టే.

జూన్ నెలాఖరుకి మార్కులు వచ్చాయి. మూడో సెక్షనులో నలభై నలుగురికి సీట్లు ఖాయమయ్యాయి. రాన్ పెయ్‌కి రాజధానిలో. క్వాంగ్ లె వాళ్ళ నాన్నకి ఏటి ఒడ్డున చేపల కూర దుకాణం ఉంది. పిల్లలంతా అక్కడ టీచర్లకి భోజనం పెట్టారు. సూమెయ్, దెషూ గుమ్మం పక్క బల్ల దగ్గర సర్దుకోబోతుంటే, క్వాంగ్ లె వచ్చి ఇద్దర్నీ చేతులు పట్టి తీసుకెళ్ళి, గూ యావోకీ దెంగ్‌కీ మధ్య కూర్చోబెట్టాడు. దెషూకి ఆ మర్యాద అలవాటు లేక, ఎవరు పలకరించినా లేచి నిలబడసాగాడు.

మిరపకాయలు దట్టంగా వేసిన చేప పెద్ద పళ్ళెంలో వచ్చింది. పిల్లలు వరసగా వచ్చి టీచర్లకి టీ గిన్నెలు అందించారు. రాన్ పెయ్ వంతు వచ్చింది. ఒక కాగితం మడత విప్పి, గొంతు సవరించుకుంది.

"పిన్నీ, నీకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. చదువుతాను, విను."

సూమెయ్ చెయ్యి చాచింది. "వినడం నాకు వచ్చు. ఇటివ్వు. నేనే చదువుకుంటాను."

కళ్ళజోడు పెట్టుకుంది. కాగితం వెలుతురుకి తిప్పుకుంది. మొదటి వాక్యం పైకి చదివింది. రెండోది చదివింది. మూడో వాక్యంలో ఒక పొడుగాటి మాట దగ్గర ఆగిపోయింది. నాలుగో సెక్షను టీచరు ఆ మాట అందివ్వబోతే గూ యావో ఆయన చెయ్యి నొక్కింది. ఏటి మీంచి గాలి వచ్చి కాగితం అంచుని కదిపింది. సూమెయ్ వేలు ఒక్కొక్క అక్షరం మీదుగా జరిగింది. పెదవులు ఒకసారి కదిలాయి, మళ్ళీ కదిలాయి. తరవాత ఆమె ముఖం విప్పారింది, ఆ మాట గట్టిగా పలికింది, నాలుగో వాక్యంలోకి వెళ్ళింది.

ఉత్తరం రెండు పేజీలుంది. చేప చల్లారిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.